రీస్టార్ట్ చేసినప్పుడల్లా చచ్చేదాన్ని

మా ఆయన పోతే, ఆయనకి బదులు నేను పోయినట్టు కంప్యూటర్లో ఎక్కించి నా రేషన్ బియ్యం ఆపేశారు. ఆఫీసుకెళ్లి ఏడిస్తే బతికించేవారు. కొన్నాళ్లకి మళ్లీ చచ్చిపోయేదాన్ని.

ఒకరోజు గోదావరి దాటడానికి సఖినేటిపల్లి రేవులో పంటి ఎక్కాను. పక్కన ఒకతను ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, "రీస్టార్ట్ కొట్టేనండి, అన్ని సర్వీసులూ లేచేయండి" అని ఫోన్లో చెబుతున్నాడు. ఆఫీసులన్నీ మన వివరాలు పంచుకునే సర్వర్‌ని చూసుకునేది తనేనట. నా గోడు చెప్పాను.

"ఆయ్, అదాండీ పిన్నిగారూ," అని నవ్వాడు. "లోపల కంటైనర్లని పెట్టెల్లాంటివి ఉంటాయండి. దిద్దింది బయట దాచకపోతే, రీస్టార్ట్ చేయగానే పెట్టె మొదట్లో ఎలా ఉందో అలాగే లేస్తుందండి."

"అయితే మీకు ముందే తెలుసన్నమాట."

"తెలుసండి. దాచమని ఎవరూ చెప్పలేదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. అతని వేళ్లు లాగి, నాడి కొట్టుకునే చోట నా మణికట్టు మీద పెట్టాను. "నన్ను చంపుతున్నది నువ్వే కదయ్యా. ఇది చూసుకుని నొక్కు ఆ మీట."

అతని నవ్వు పోయింది. పంటి ఒడ్డుకి తగిలినా లేవలేదు.

"పేరు చెప్పండి పిన్నిగారూ, మీదొక్కటీ బయట దాస్తాను."

ఇప్పుడు బియ్యం వస్తున్నాయి. అతని పక్కన కూర్చునే వీలులేని వాళ్లు ఇంకెంతమంది ఆ పెట్టెల్లో చచ్చి ఉన్నారోనని, అన్నం వండుకున్నప్పుడల్లా కడుపు మండుతుంది.