ఆ కొసన పసుపు నీళ్లు

మొన్న ఆదివారం గుంటూరులో మా అమ్మాయి ఫ్లాటులో కాఫీ మిషన్‌కి పైపు పెట్టించారు. మిషన్ అడుగున ట్రే నిండినప్పుడల్లా తీసి పారబోయలేక, ఆ నీళ్లు వాటంతటవే బయటికి పోయేలా లైను వేయించుకుంది. ప్లంబర్ పని ముగించి మీట నొక్కాడు. ఆవిరి బుస్సుమంది. కాఫీ పిప్పి వాసన వంటింటిని కమ్మేసింది. పైపులోంచి నీళ్లు గుటకలు వేస్తూ దిగిపోయాయి. ఆ చప్పుడు వినగానే నా చెయ్యి పోపుల డబ్బా మీదికి పోయింది. గుప్పెడు పసుపు చెంబు నీళ్లలో కలిపి, “నేను కిందికి దిగాక ఇవి పొయ్యి నాయనా” అన్నాను. అతను నవ్వు ఆపుకున్నాడు. “మా అమ్మకి ఇదొక చాదస్తం” అంది మా అమ్మాయి. మూడంతస్తుల మెట్లు దిగుతున్నంతసేపూ నాకు కోటయ్య బాబాయి కనిపిస్తూనే ఉన్నాడు.

బాబాయి అంటే చుట్టం కాదు. ఎనభైల్లో మేము నరసరావుపేటలో ఉన్నప్పుడు మా ఎదురింటి కుళాయి మేస్త్రి. బక్కపలచని మనిషి, మాట పొదుపు. పైపు వేసిన ప్రతి ఇంట్లోనూ ఆఖరున చెంబుడు పసుపు నీళ్లు అడిగేవాడు. వాటిని ఇంటివాళ్లని పొయ్యమని, తను మాత్రం లైను చివరికి పోయి గొంతుకూర్చునేవాడు. పసుపు పచ్చగా కనబడితేనే పని అయినట్టు. ఒకసారి ఎందుకని అడిగాను. “ఈ కొసన ఎవురైనా చూస్తారమ్మాయ్, మనం పోసేయే గదా. ఆ కొసన ఎవురి గడపలో పడతన్నయ్యో చూసుకోవాల” అన్నాడు. అంతకు మించి ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు.

అక్కడ ఉండగానే ఒక ఏడాది మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో మా ఆయన మీద బండ జారిపడింది. నడుము విరిగి మంచాన పడ్డాడు. ఇల్లు గడవాలంటే ఏదో ఒకటి చెయ్యాలి. వీధి వైపు గదిలో కాఫీ కొట్టు పెడదామని, గుంటూరులో ఎవరో అమ్మేస్తున్న పాత ఆవిరి మిషన్ ఒకటి తెచ్చాను. దాని మురుగునీళ్లకు దారి కావాలి. బాబాయి వచ్చి చూసి, పెరటి చుట్టూ తిప్పి పెద్ద కాలవలో కలపాలన్నాడు. నాలుగు రోజుల పని. నాకు అన్ని రోజులు లేవు. ఎల్లుండి దాటితే మూఢం వస్తుంది, మూఢంలో కొట్టు తెరవకూడదు. మళ్లీ మంచిరోజు రావాలంటే రెండు నెలలు ఆగాలి.

“పక్క సందు కాలవలోకి వదిలెయ్ బాబాయ్, ఒక్క పూట పని” అన్నాను.

“దానికి వాటం లేదమ్మాయ్. నీళ్లు పోవు, నిలబడతయ్. పక్కనే కుళాయి గుంట ఉంది.”

“ముందు తెరవనీ. తర్వాత మార్పించుకుంటాలే.”

మంచంలో ఉన్న మనిషిని చూసి కాబోలు, ఆయన ఒప్పుకున్నాడు. ఆ రోజు పసుపు నీళ్లు పొయ్యలేదు. నేనే వద్దన్నాను, పూజకు వేళవుతోందని.

కొట్టు మొదటి రోజునుంచే నిలదొక్కుకుంది. పొద్దున్నే మాచర్ల బస్సు ఎక్కేవాళ్లంతా మా కాఫీ తాగే వెళ్లేవారు. బాబాయి రెండుసార్లు వచ్చి, “లైను మారుద్దామా అమ్మాయ్” అని అడిగాడు. నాలుగు రోజులు కొట్టు మూస్తే బేరం పోతుందని రెండుసార్లూ వచ్చేవారం అన్నాను. ఏరు దాటాక తెప్ప తగలేశానన్నమాట.

ఆ రోజుల్లో పంపు నీళ్లు పైకి ఎక్కేవి కావు. సందులో నడుములోతు గుంట తవ్వి, అందులోకి దిగి బిందెలు పట్టుకునేవాళ్లు. వానలు మొదలయ్యాక ఆ నీళ్లు విరిగిన పాల వాసన కొట్టడం మొదలుపెట్టాయి. ఒకరోజు సందు చివరింటి అచ్చమ్మత్త మనవరాలికి వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు సందంతా గుంట చుట్టూ చేరింది. బాబాయిని పిలిపించారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. నా దగ్గరికి వచ్చి, “చెంబుడు పసుపు నీళ్లు పొయ్యమ్మాయ్” అని మాత్రం అన్నాడు.

పోసి వచ్చి నేనూ అందరితో నిలబడ్డాను. కాసేపటికి గుంట గోడ చెమ్మగిల్లి, సన్నగా పచ్చటి చార దిగింది.

“ఏంది మేస్త్రీ ఇది? మంచినీళ్లలోకా మురుగు వదిలేది?” అంది అచ్చమ్మత్త. “ఈమె కొట్టు మూయించాల్సిందే.”

“కొట్టేం చేసిందత్తా? తప్పు నాది. వాటం చూసుకోకుండా ఏశాను. ఇయ్యాలే తవ్వుతా” అన్నాడు బాబాయి.

అప్పుడొకసారి నా వైపు చూశాడు. నేను నోరు తెరవాలి. తొందరపెట్టింది నేనని ఒక్క మాట చాలు. లోపల మా ఆయన దగ్గు వినిపిస్తోంది. నేను తల దించుకున్నాను.

బాబాయి నాలుగు రోజులు ఒంటరిగా తవ్వి పెరటి చుట్టూ లైను వేశాడు. ఆసుపత్రి నుంచి పిల్ల క్షేమంగానే వచ్చింది. కానీ ఆ సందులో ఇంకెవరూ ఆయన్ని పనికి పిలవలేదు. గుంటలో మురుగు కలిపిన మేస్త్రి అని ఊళ్లో చెప్పుకున్నారు. ఉండబట్టలేక ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి, అందరికీ నిజం చెప్పేస్తానన్నాను. “చెప్పమాక. నీ కొట్టు మూస్తారు. నాకు ఊరంతా ఇంకా చానా పైపులున్నయ్” అన్నాడు. ఆ మాట నాకు సుఖంగా ఉంది. అందుకే విన్నాను. బాబాయి పోయిన రోజు కూడా ఎవరో ఆ గుంట సంగతి తీశారు. అప్పుడూ ఊరుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

కిందికి దిగి పైపు వెంట చూసుకుంటూ వెళ్లాను. వాచ్‌మన్ భార్య గిన్నెలు తోముకునే చప్టా మీద పసుపు నీళ్లు పడుతున్నాయి. ప్లంబర్ దగ్గరి దారి చూసుకుని వాననీటి గొట్టంలో కలిపేశాడు. పైకి వచ్చి, విప్పి మురుగు గొట్టంలో కలపమన్నాను.

“సాయంత్రం మా స్నేహితులు వస్తున్నారమ్మా. వచ్చేవారం మార్పిద్దాంలే” అంది మా అమ్మాయి.

నా మాటే నా ఎదురుగా నిలబడింది. మా అమ్మాయికి కోటయ్య తాత తెలుసు, గుంట కథా తెలుసు. ఊరు చెప్పుకున్నట్టే తెలుసు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“ఆ గుంటలో మురుగు కలిపింది కోటయ్య తాత కాదే” అన్నాను. “నేను.”

అది నా మొహంలోకి చూసింది. ప్లంబర్‌ని పిలిచి, పైపు విప్పమంది. నేను పోపుల డబ్బా అందుకుని, రెండో చెంబుకు పసుపు కలిపాను.