బాంబులకు భయపడినవాడు

మా అన్న ఇమ్మానుయేలు పిరికివాడని జమ్మలమడుగులో అందరూ నమ్ముతారు. ఆ మాట వినబడినప్పుడల్లా నేనూ తల ఊపుతూ వచ్చాను. సిగ్గులేని తల.

అన్న దర్జీ. ప్రొద్దుటూరులో అంగడి, అంగడి వెనకే ఇల్లు. ఆ ఇంట్లో పన్నెండేళ్లు అతనితో పాటు ఉన్నవాడు వేంపల్లె నబీ రసూల్, ఒక పల్లె నాయకుడి జీపు డ్రైవరు. ఊరివాళ్ల లెక్కలో ఇద్దరూ బాడుగ పంచుకునే స్నేహితులు. నాకు మాత్రం తెలుసు. ఆదివారం చర్చి ముగించుకుని పోతే రసూల్ వంకాయలు తరుగుతూ ఉండేవాడు, అన్న అతని చొక్కాకు గుండీ కుడుతూ ఉండేవాడు. నేనూ మా ఆయనా ఏనాడూ అంత నింపాదిగా కూర్చోలేదు. "సుందరక్కా, ఉప్పు సరిపోయిందా చూడు" అని కూర ముందు నాకే పెట్టేవాడు. కడుపునిండా తినేదాన్ని. గడప దాటాక ఆ ఇంటి మాట ఎవరి దగ్గరా ఎత్తేదాన్ని కాదు.

ఎన్నికల ముందు ఒక మధ్యాహ్నం ఎదుటి పార్టీవాళ్లు ముగ్గురు వచ్చారు. నాయకుడు దొరక్కపోతే డ్రైవరైనా చాలనుకునే రోజులవి. వాకిట్లో బాంబు వేసి, ఆ పొగలోనే రసూల్‌ను నరికారు. అన్నం గిన్నె చేతిలో పట్టుకుని అన్న ముగ్గురి మొహాలూ చూశాడు. చూసినవాడు అన్నొక్కడే.

సాక్ష్యం చెబితే నీకూ అదే గతి అని కబురొచ్చింది.

"నరికితే నరకనీలే పాపా. వాడు లేకుండా నేను బతికి ఏం జేస్తా?" అన్నాడు నాతో.

నేను భయపడింది కొడవళ్లకు కాదు, ఎదుటి లాయరు అడగబోయే ప్రశ్నలకు. ఇద్దరు మగవాళ్లు, పెళ్లిళ్లు లేకుండా, పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఏం చేశారని తవ్వుతాడట. మా ఆయన చర్చి సంఘంలో పెద్ద. నేను మిషన్ బడిలో టీచరు. వాయిదా రోజు పొద్దున బస్టాండులో అన్న చేయి పట్టుకున్నాను.

"ఆడ లేనని చెప్పన్నా. ఉండేది ఉండేట్టు చెప్పినావంటే నేను బడిలో తలెత్తుకోలేను."

"రసూల్ నాకేమీ కాడనాల్నా?"

"అను."

రసూల్ నీకేమవుతాడని లాయరు అడిగితే, బోనులో నిలబడి అన్న ఒకసారి నా వైపు చూశాడు. "ఆయప్ప నాకేమీ కాడు సార్. నేను ఆడ లేను" అన్నాడు. కేసు కొట్టేశారు. ముగ్గురినీ పూలదండలు వేసి ఊరేగించారు.

బాంబులకు జడిసి మాట మార్చాడని జనం అనుకున్నారు. మా ప్రాంతంలో అదేమంత తప్పు కాదు, జాలి కూడా పడ్డారు. ఆ జాలి చాటున నా పరువు నిలబడింది. అన్న అంగడి మూసేసి మా ఇంటికొచ్చాడు. ఇరవై రెండేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పోయిన నెల హైదరాబాదు నుంచి ఆదిలక్ష్మి అనే అమ్మాయి కెమెరాతో వచ్చింది. మగవాళ్లను ప్రేమించిన మగవాళ్లు, ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్లు, తోడు పోగొట్టుకున్నాక వాళ్ల బతుకు, వాళ్లకు లేని పెళ్లి హక్కు, వీటి మీద డాక్యుమెంటరీ తీస్తోంది. పేపర్లో చూసి అన్నే ఫోన్ చేసి పిలిపించుకున్నాడు.

"రసూల్ గారు మీకేమవుతారు?" అని ఆ అమ్మాయి అడిగింది.

"మొగుడూ పెండ్లాం ఒకరికొకరు ఏమైతారో అదేనమ్మా. కాయితం లేదు, అంతే. అది ఉండింటే ఆ పొద్దు కోర్టులో నన్నెవురూ ఆ మాట అడుగుండరు."

డెబ్భై ఏళ్ల మనిషి, ఎక్కడా తడబడలేదు. పక్కన కూర్చున్న నేను లేచి వీధి తలుపు దగ్గరేసి వచ్చాను.

"మరి సాక్ష్యం ఎందుకు మార్చారు?"

అన్న నా వైపు చూశాడు. బోనులోంచి చూసిన చూపే. మా ఆయన పోయాడు, నేను రిటైరై పదేళ్లయింది, నన్ను వేలెత్తి చూపేవాళ్లు ఎవరూ మిగల్లేదు. నేనే మార్పించానని చెప్పడానికి రెండు మాటలు చాలు. టీ పెట్టుకొస్తానని లేచి వంటింట్లోకి పోయాను.

గోడ అవతల నుంచి అన్న గొంతు వినబడింది.

"బాంబులకు బయపడినానమ్మా. నేను శానా పిరికోన్ని."