బట్టి గోడ పక్క గది

బళ్లారికొచ్చి వెచ్చగా ఉండే ఇల్లు కావాలని అడిగిన మనిషి నాంచారమ్మ ఒక్కతే అయివుంటుంది. అడిగిన ప్రతి వాకిట్లోనూ నవ్వారు. ఎండాకాలం నిప్పులు చెరిగే ఊళ్లో వెచ్చదనం వెతుక్కోవడమేమిటని వాళ్ల నవ్వు. పుష్యమాసపు చలిలో, విచ్చుకోని వేళ్లను కొంగులో దాచుకుని నిలబడ్డ మనిషిని చూసి నవ్వడానికి వాళ్లకు నోరెలా వచ్చిందో!

ఆ వేళ్లు ఊరికే అలా కాలేదు. కాలువ నీళ్లొచ్చిన కొత్తలో ఆమె భర్త పిచ్చయ్య కృష్ణా జిల్లాలో ఉన్న ఎకరం అమ్మి, బళ్లారి పక్కన మోక అనే ఊరి దగ్గర ఆరెకరాలు కొన్నాడు. జొన్న తప్ప ఎరగని అక్కడి ఆడవాళ్లకు వరి నాటడం నేర్పింది నాంచారమ్మే. పదేళ్లు బురదలో వంగి వంగి, వేళ్లూ మోకాళ్లూ పట్టేశాయి. ఇల్లు కాలువ గట్టు కింద. గోడలకు ఏడాది పొడుగునా చెమ్మ. విత్తనాల బస్తాలకు ఆ చెమ్మ తగలకూడదని, ఉన్న ఒక్క మంచం వాటికిచ్చి, పెళ్లాన్ని కింద చాప మీద పడుకోమన్న మహానుభావుడు పిచ్చయ్య.

పొడిగా, వెచ్చగా ఉండే చోటికి మారకపోతే చేతులు పూర్తిగా పోతాయని డాక్టరు చెప్పాడు. "మరి నాకు కూడెవరు వండుతారు?" అన్నాడు పిచ్చయ్య. అందుకే ఆమె బస్టాండు దగ్గరే గది వెతికింది. పొద్దున మోక బస్సుకి అతనికి క్యారియరు పంపవచ్చు. అంతకంటే దూరం నడవనూ లేదు.

చివరికి బస్టాండు వెనక సందులో, పక్కీరప్ప బొరుగులు వేయించే బట్టిని ఆనుకుని ఉన్న గది దొరికింది. పొగ అవతలి వైపు పోతుంది, వేడి ఈ గోడకు మిగులుతుంది. నాంచారమ్మ అరచేతులు గోడకు ఆనించింది. ఏడుపొచ్చినంత పనైంది.

"గది ఉండాది గానీ, ఒంటి ఆడమనిషికి ఇయ్యనమ్మా. మీ ఆయన యాడ? ఆయప్పొచ్చి మాట్లాడితే ఇస్తా," అన్నాడు పక్కీరప్ప.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పదేళ్లు బురదలో వంగినప్పుడు మీ ఆయనేడని ఒక్కడూ అడగలేదే!

పిచ్చయ్య వచ్చాడు. గోడ తడిమాడు, నేల తట్టి చూశాడు, మాట్లాడి తాళంచెవి తీసుకున్నాడు. మంచి రోజు చూసి ఆమె గిన్నెలు మూటగట్టుకుని అతనితో బస్సెక్కింది. దిగాక చూస్తే, బస్సు మీంచి ఆరు బస్తాలు దించుతున్నారు.

"ఏంటివి?"

"విత్తనాలే. గది భేషుగ్గా ఉంది, ఈ ఏడు ఒక్క గింజ పాడవదు. వీటిని చూడ్డానికి నేనొచ్చినప్పుడల్లా నువ్వూ వచ్చి కాసేపు చేతులు కాచుకో. ఇక్కడ కాపురమెందుకు?"

బస్తాలు గది ముందుకు చేరాయి. అతను తాళం తియ్యగానే నాంచారమ్మ రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి అతని చేతిలోని తాళంచెవి లాగేసుకుంది.

"విత్తనం తడిస్తే పాడవుతుందని తెలిసింది గదా మీకు! పదేళ్లు నేను తడిశాను. నేను పాడవనా? ఒక్క గింజపాటి చెయ్యనా నేను?"

పిచ్చయ్య, బట్టి గుమ్మంలో నిలబడ్డ పక్కీరప్ప వైపు చూశాడు. "నువ్వు చెప్పవయ్యా!"

"నాకు మగోడొచ్చి మాట్లాడల్లని ఉండె, మాట్లాడినావు. ఉండేదెవరో నాకెందుకప్పా?" అని పక్కీరప్ప బట్టిలోకి వెళ్లిపోయాడు.

నాంచారమ్మ లోపలికెళ్లి మోచేత్తో గడియ తోసింది. గోడకు చేతులు ఆనించి కూర్చుంది. బయట మోక బస్సు హారన్ కొట్టింది.

"మరి ఈ బస్తాలు నన్నేం చెయ్యమంటావే?" తలుపు మీద కొట్టాడు పిచ్చయ్య.

"ఇంటికి తీసుకెళ్లి మంచమెక్కించండి. మీరు చాప మీద పడుకోండి."