కదిరప్ప పిక్క పట్టీలు

ధర్మవరం నేతవీధిలో కదిరప్ప కాళ్ళు చూసి నవ్వనివాడు లేడు. పంచె ఎగ్గట్టి, మోకాలి కింది నుంచి చీలమండ దాకా గుడ్డ పట్టీలు బిగించి, తెల్లవారగానే చిత్రావతి ఏటి ఇసుకలో పరుగు తీసేవాడు. ముప్పై ఆరేళ్ళు, ఇద్దరు బిడ్డల తండ్రి! పిచ్చి ముదిరిందన్నారు. అననీ, ఆయనకేం!

ఆ పట్టీల కథ మగ్గం గుంతలో మొదలైంది. పొద్దంతా గుంతలోకి కాళ్ళు దించి కింది కర్రలు తొక్కితే సాయంత్రానికి పిక్కలు ఉబ్బి రాళ్ళవుతాయి. ఒకనాడు భార్య నాగలక్ష్మమ్మ చూడలేక పాత చీర చింపి గట్టిగా చుట్టింది. తెల్లారి లేచేసరికి కాళ్ళు తనవేనా అన్నంత తేలిక. ఆ కట్టుతోనే ఏటి దాకా పరుగెత్తి చూశాడు. అడుగు పడినప్పుడల్లా అదిరే కండ అదరలేదు. ఎవరో వెనక పిక్కలు పట్టుకుని "పోరా, నేనున్నా" అన్నట్టే ఉంది. ఇంకేం, ఆ పరుగు ఆయనకు అంటుకుంది.

చీర పేలికలు జారిపోతున్నాయని ఇద్దరూ కలిసి సొంతంగా పట్టీలు నేశారు. నాగలక్ష్మమ్మ నూలుకు రెండింతలు పురి ఎక్కించింది. అంత పురి ఉంటే గుడ్డ లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది.

హైస్కూలు డ్రిల్లు మాస్టరు దివాకర్ ఒకసారి ఆపి అడిగాడు. "నిజంగా వేగం వస్తాదా కదిరప్పా, లేకుంటే ఉత్త నమ్మకమా?"

"వేగం యాడిది సార్? పరిగెత్తేది నేనే కదా! కాకుంటే కాలు వణకదు. వణకదని మనసుకు తెలిస్తే ఇంకో మైలు పోతాది. మర్నాడు మగ్గం ఎక్కితే నొప్పి ఉండదు. దాన్ని నమ్మకమంటారో ఏమంటారో, మీ ఇష్టం."

ఏటా ఆగస్టు పదిహేనుకు ఊళ్ళో ఎనిమిది మైళ్ళ పందెం జరిగేది. గార్లదిన్నె వైపు నుంచి వచ్చే ఆంజనేయులు అనే రైతు మూడేళ్ళుగా గెలుస్తున్నాడు. డెబ్బై ఎనిమిదిలో కదిరప్ప పేరు రాయిస్తుంటే అందరి ముందూ నోరు పారేసుకున్నాడు. "గుంతలో కూసునేటోనికి పరుగెందుకన్నా? ఆ కాళ్ళు కర్రలు తొక్కేదానికే."

ఆ ఏడు కదిరప్ప ఎక్కడో వెనక వచ్చాడు. ఆంజనేయులు మాట మాత్రం నేతవీధికంతా తగిలింది. మరుసటి పందెంలో వాణ్ణి దాటాలి, గుంతలో కాళ్ళంటే ఏమిటో చూపించాలి. ఏడాదంతా ఆయనకు అదే ధ్యాస.

పందెం ముందురోజు కదిరప్ప కొత్త పట్టీలకు చిక్కటి గంజి పెట్టాడు.

"గంజి పెడితే పురి సచ్చిపోతాది, సాగదయ్యా!" అని నాగలక్ష్మమ్మ మొత్తుకుంది.

"ఊరంతా చూస్తాది. నేతగాని ఒంటిమీద గుడ్డ నలిగి ఏలాడితే మానం పోదా?"

అదీ నేతగాడి టెక్కు! ఎవరు చెప్పినా వింటేగా.

నాలుగు మైళ్ళు ఆంజనేయులు భుజం పక్కనే నడిచింది పందెం. ఐదో మైలులో కదిరప్ప పాదాలు తిమ్మిరెక్కాయి. పరుగుకు పిక్క పొంగుతోంది, గంజి పట్టిన గుడ్డ అట్టలా బిగుసుకుని అంగుళం సాగదు. అర మైలు ఓర్చుకున్నాడు. చివరికి కాలి కింద నేల కూడా తెలియలేదు. "నా టెక్కు తగలెయ్య!" అని రోడ్డు పక్క కూలబడి ముడులు విప్పాడు. అప్పటికే ఆంజనేయులు మలుపు దాటిపోయాడు. కదిరప్పకు ఏడుపు తన్నుకొచ్చింది, ఏడ్చాడు కూడా. పట్టీలు మాత్రం పారేయలేదు. తన చేతి గుడ్డను ఏ నేతగాడు రోడ్డున పడేస్తాడు? నడుముకు చుట్టుకుని ఉత్త కాళ్ళతో లేచాడు.

పాదాల్లోకి నెత్తురు దిగింది. పదేళ్ళు కర్రలు తొక్కిన కాళ్ళు, ఏడాది ఇసుక తొక్కిన కాళ్ళు ఊరుకుంటాయా! ఏడో మైలుకు ఆంజనేయులు వీపు కనబడింది. ఊరి మొగలో నేతవీధి ఆడా మగా అందరూ "రా కదిరప్పా, రా!" అని గొంతులు చించుకున్నారు. ఆంజనేయులు వెనక్కి చూసి బెదిరిపోయాడు. చివరికి పదకొండు అడుగుల తేడాతో బయటపడ్డాడు. కదిరప్ప రెండోవాడు.

ఆ సాయంత్రమే ఆంజనేయులు కదిరప్ప ఇల్లు వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, ఆ పట్టీలు నాకొక జత నేసిస్తావా?"

"ఏమప్పా, గుంతలో కూసోని నేసే గుడ్డ ఇది. నీకు పనికొస్తాదా?"

ఆంజనేయులు తల దించుకున్నాడు. "గుంతలో కూసున్న కాళ్ళే కదన్నా నన్ను ఈ పొద్దు తరిమినాయి."

కదిరప్ప మగ్గం మీంచి ఒక నూలు పోగు తెంపి, ఆంజనేయులు ముందు గొంతు కూర్చున్నాడు.

"కాలు ఇట్లా పెట్టు, కొలత తీసుకుంటా. గంజి పెట్టకుండా నేసిస్తాలే."