సున్నం కింద ముల్లవ్వ

మా అవ్వకు, అంటే నన్ను కన్నతల్లికి, ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటి చూపు కూడా ఈ ఏడాది దాటేలా లేదని, చూడాలనుకున్నవేమైనా ఉంటే ఇప్పుడే చూపించమని హైదరాబాదు దవాఖానలో డాక్టరు చెప్పి పంపించాడు. కాశీ అంటుందేమో, తిరుపతి అంటుందేమో అని నేను, మా ఆయన ఇద్దరం లోలోపల లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాం. ఆమె రెండు రోజులు ఆలోచించి, కోహెడ అవతల తాను పుట్టిన ఊరి గుడిలో ఒక స్తంభం మీదున్న బొమ్మను చూడాలంది. ఆ బొమ్మ పేరు ముల్లవ్వ. చిన్నప్పుడు వాళ్లమ్మ చంకనెత్తుకుని చూపించిందట. నేను పుట్టిన కొత్తలోనే అవ్వ పుట్టింటివాళ్లు ఆ ఊరు విడిచి పోయారు కనుక ఈ పాతికేళ్లలో ఆమె అటువైపు తొంగి చూడలేదు.

సిద్దిపేట నుంచి కోహెడకు పొద్దున్నే ఒక బస్సు ఉంది. ఉందంటే ఉంది. యుద్ధం మూలంగా పెట్రోలు దొరకక దాన్ని బొగ్గుతో నడుపుతున్నారు. వెనకాల కట్టిన పొయ్యి రాజుకునే దాకా అందరం రోడ్డు మీద నిలబడి దాని దయ కోసం ఎదురుచూడాలి. మనిషికి ఆరణాలు. చిన్న ఎత్తు వస్తే మగవాళ్లు దిగి తోయాలి. తెల్ల చీర కట్టుకుని బయలుదేరిన నా తెలివి కోహెడ చేరేసరికి నల్లబడింది. అవ్వకు అవేమీ పట్టలేదు. కిటికీ పక్కన కూర్చుని, కోతకొచ్చిన వరి మడులను ఉన్న చూపంతా పెట్టి చూసింది.

కోహెడలో బండి కట్టించుకోవాలి. హుసేన్ అనే పెద్దమనిషి పోను రాను రూపాయికి ఒప్పుకున్నాడు. అక్కడి నుంచి గంటన్నర దారి. పత్తి చేలు, తుమ్మలు, మధ్యలో మోకాలు లోతు వాగు. బండి మెల్లగా పోతోందని నేను రెండుసార్లు గొణిగాను.

"జర ఓపిక పట్టు బిడ్డా. గీ తొవ్వల ఎడ్లను ఉరికిస్తే అక్క నడుము ఇరుగుతది," అన్నాడు హుసేన్. తర్వాత అవ్వ వైపు తిరిగి, "ముల్లవ్వ కోసమా అక్కా మీరొచ్చింది? ఆమె ఇప్పుడు లేదు గద," అన్నాడు.

అవ్వ ముఖం పాలిపోయింది. "లేదంటే?"

"రాయిలకు పోయింది. ఊరోళ్లు కొట్లాడుకుంటుంటే అలిగి పోయిందని మా దిక్కు చెప్పుకుంటరు. నేనైతే ఎన్నడు చూడలే."

ఆ ముల్లవ్వ కథ దారి పొడుగునా అవ్వే చెప్పింది. గుడి కట్టే రోజుల్లో ఒక శిల్పి భార్య రోజూ ముళ్ల దారిలో అతనికి సద్ది తెచ్చేదట. ఆమె పాదాల నెత్తురు మరకలు మండపం రాళ్ల మీద పడినా అతను తల ఎత్తి చూడలేదు. నిండు గర్భిణిగా ఉన్నప్పుడు ఒకనాడు ముల్లు లోతుగా దిగి ఆమె అక్కడే కూలబడింది. అప్పుడు ఉలి కింద పడేసి, తన చేత్తో ఆ ముల్లు తీశాడు. తీసిన క్షణానే నొప్పులు వచ్చి, ఏ కష్టమూ లేకుండా బిడ్డ పుట్టిందట. సిగ్గుపడిన శిల్పి, కాలెత్తి నిలబడ్డ ఆమె రూపాన్ని స్తంభం మీద చెక్కాడు. అప్పటి నుంచి ఆ ఊరి గర్భిణులు ఆమె పాదం తాకి, ముల్లు తీసినంత సులువుగా కాన్పు కావాలని మొక్కుకుంటారు.

గుడిని నేను మాటల్లో పూర్తిగా చూపించలేను గానీ ప్రయత్నిస్తాను. కాకతీయుల కాలం నాటిదంటారు. మనిషి ఎత్తు అరుగు మీద నల్లరాతి మండపం, దాని చుట్టూ మూడు గర్భగుళ్లు. పడమర శివుడు, ఉత్తరాన విష్ణువు, దక్షిణాన సూర్యుడు. సూర్యుడి గదిలో ఇప్పుడు విగ్రహం లేదు, గబ్బిలాలున్నాయి. గుమ్మాల పక్కన రాతిలోనే తొలిచిన జాలీలు, వాటి కింద హంసల వరుస. రాయికీ రాయికీ మధ్య గోరు దూరదు, సున్నం చుక్క వాడలేదు. నాకు నచ్చినది నంది. ఎవరో పిలిచినట్టు తల కొంచెం పక్కకు తిప్పి ఉంటుంది.

కానీ మండపం లోపలి స్తంభాలు తెల్లగా ఉన్నాయి. అన్నీ, పై నుంచి కింది దాకా. అవ్వ ఎవరి చేయీ పట్టుకోకుండా దక్షిణం వైపు రెండో స్తంభం దగ్గరికి నడిచి, నడుము ఎత్తున చేయి వేసి తడిమింది. నున్నగా ఉంది. చేతికి సున్నం అంటింది. ఆమె అక్కడే కింద కూర్చుండిపోయింది. నాకు దుఃఖం, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి.

పూజారి రాజలింగం మంచి మనిషి. ఇక్కడ పూజ చేసే మేనమామ పోయాక పదేళ్ల కింద ఆ ఊరికి వచ్చాడట. "గిది మొక్కుల సున్నమమ్మా. కాన్పు మంచిగైనోళ్లు వచ్చి పూస్తరు. నేనొచ్చేనాటికే గిట్ల ఉన్నది," అన్నాడు.

అప్పుడు అవ్వ నోరు విప్పింది. నేను కడుపులో అడ్డం తిరిగి మూడు రోజులు ఆమెను చావు దాకా తీసుకుపోయానట. ఇద్దరమూ బతికి బయటపడేసరికి మా అమ్మమ్మ సంబరం పట్టలేక స్తంభమంతా సున్నం పూయించిందట. అంతకు ముందు మొక్కంటే పాదం మీద ఒక్క బొట్టే. ఆ ఒక్క పూత ఈపాటికి ఎప్పుడో రాలిపోయి ఉంటుందనుకుని వచ్చిందట. "మా అవ్వను చూసి అందరు మొదలువెట్టిన్రు కావచ్చు. తల్లిని మేమే కప్పినం," అంది. నేను భూమి మీద పడ్డ సంతోషమే ఆమెను కప్పేసిందని తెలిశాక నా కోపాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తోచలేదు.

గీకుతామని అడిగాను. రాజలింగం తల అడ్డంగా ఊపాడు. "ఎవల మొక్కని గీకుతమమ్మా? రేపు ఏ ఇంట్ల ఏమన్నైతే నన్నే అడుగుతరు." అతను చెప్పిందీ నిజమే. ఏ ఇంట్లో ఏ పసివాడికి జ్వరం వచ్చినా ఆ గీకిన సున్నమే గుర్తొస్తుంది. అవ్వ కూడా లేచి, "వద్దు బిడ్డా, పోదాం పా," అంది. ఆ మాట ఆమె నోట్లోంచి ఎంత కష్టంగా వచ్చిందో నాకు వినబడింది.

అప్పటిదాకా గడప దగ్గర నిలబడి వింటున్న రాజలింగం కోడలు నర్సవ్వ లోపలికి వచ్చింది. ఐదో నెల. "మామా, మొక్కు గా తల్లికే గద. ఆమె కండ్లల్ల సున్నం గొట్టి, మల్ల ఆమెకే మొక్కుతున్నమా? నేను ఎవల కాలు ముట్టాలె?" అంది.

రాజలింగం స్తంభం కింది భాగం వేలితో చూపించాడు. "కాలు మటుకే," అన్నాడు.

మాది ఇత్తడి సామాన్ల దుకాణం, కాబట్టి మొండి మరకలకు ఏం వాడాలో నాకు తెలుసు. నర్సవ్వ ఇంట్లోంచి చింతపండు, కొబ్బరి పీచు తెచ్చింది. హుసేన్ బావి నుంచి నీళ్లు మోశాడు. పులుసు పట్టించి, నాననిచ్చి, వెదురు బద్దతో మెల్లగా తట్టాం. పాతికేళ్ల మొక్కులు పెంకులు పెంకులుగా ఊడాయి. మధ్యాహ్నం ఎండ మండపంలోకి వచ్చేసరికి ఎత్తిన పాదం ఒకటి బయటపడింది. నల్లగా నిగనిగలాడే మడమ, దానికి అందె, అరికాలిలో చిన్న ముల్లు. రాజలింగం తానే బద్ద అందుకుని మోకాలి దాకా తీశాడు. "కాలు మటుకే అంటిరి గద?" అన్నాడు హుసేన్. "మోకాలు గూడ కాలే," అన్నాడు రాజలింగం, ఆపకుండా.

అవ్వను దగ్గరికి తీసుకొచ్చాను. ఆమె ముందు వేళ్లతో తడిమింది. తర్వాత ముఖం దాదాపు రాయికి ఆనించి కుడి కన్ను పెట్టి చూసింది.

"కనవడుతుందా అవ్వా?"

"మంచిగ కనవడుతుంది. చెవులకున్న గంటీలు సుత కనవడుతున్నయి. ముల్లు గుచ్చుకున్నా నవ్వుతనే ఉంటది సూడు," అంది.

మేము అప్పటికింకా నడుము దాకా కూడా రాలేదు. ముఖం, చెవులు సున్నం వెనకే ఉన్నాయి. నర్సవ్వ నా చేయి గట్టిగా పట్టుకుంది.

తర్వాత నర్సవ్వ వంగి ఆ పాదం తాకి దండం పెట్టుకుంది. అవ్వ రాజలింగాన్ని తమలపాకుల సంచి అడిగి, అందులోని సున్నం కాయలో చిటికెన వేలు ముంచి, రాతి బొటనవేలి మీద ఒక్క బొట్టు పెట్టింది. నర్సవ్వ చేతిని తడుముకుంటూ తీసుకెళ్లి ఆ బొట్టు మీద ఆనించింది. "గింతే బిడ్డా. నువ్వు మంచిగ కన్నంక వచ్చి గింతే పెట్టు. వచ్చినోళ్లకు గింతే అని చెప్పు."

సాయంత్రం బస్సు అందుకోవడానికి వాగు దాటుతున్నప్పుడు ఈసారి నేను హుసేన్‌ను తొందరపెట్టలేదు. అవ్వ చూపు ఈ ఏడాది పోవచ్చు. పోయినా ఆమె చూడాలనుకున్నది చూసేసింది, నాకు బాధ సగం తగ్గింది. పొద్దున గుడిలోకి వెళ్లేటప్పుడు మాలో ఆ ముల్లవ్వను కళ్లారా చూసింది అవ్వ ఒక్కతే. తిరిగి వచ్చేటప్పుడు ఊరి ఆడవాళ్లు ఆరేడుగురు స్తంభం చుట్టూ చేరి, మిగతా స్తంభాలను తట్టి చూస్తూ, లోపల ఎవరెవరున్నారో అని మాట్లాడుకుంటున్నారు. మీరు వెళ్లేనాటికి ముఖం కూడా బయటపడి ఉంటుందని, ఆమె నిజంగానే నవ్వుతూ ఉంటుందని నా ఆశ.

వెళ్లదలచుకున్నవారు పంట కోతల కాలంలో వెళ్లండి, వానల్లో వాగు దాటనివ్వదు. ముదురు రంగు చీర కట్టుకోండి. కొబ్బరికాయతో పాటు కాస్త చింతపండు కొంగున కట్టుకుపోండి. సున్నం మాత్రం చిటికెన వేలికి అంటినంత చాలు.