ఇన్‌స్పెక్టరుగారి పళ్ళకు పదకొండు చిత్తుప్రతులు

ఆ రోజుల్లో పై అధికారికి ఉత్తరం రాయడమంటే మా బోటి కుర్ర మాస్టర్లకు కత్తి మీద సామే. నాది ఉద్దానంలో ఒక పల్లె బడి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయవలసిన ఇన్‌స్పెక్టరుగారే టెక్కలి నుంచి తనిఖీకి వచ్చారు. పిల్లల చేత ఎక్కాలు చెప్పించుకుని, పనస తొనలు తిని, కట్టుడు పళ్ళకు అంటుకున్న జిగురు వదిలించుకోవడానికి బోర్డు చాటుకు వెళ్ళారు. ఇంతలో బస్సు హారను! ఉత్త రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని పరుగెత్తారు. తీసి పెట్టిన పళ్ళు మాత్రం నా సుద్దముక్కల పెట్టెలో ఉండిపోయాయి.

పెట్టె ఇంటికి తెచ్చుకుని వెంటనే పోస్టుకార్డు తీశాను. ఒకటే హుషారు, ఒకటే భయం. (ఎవరి చేతనైనా పంపితే నలుగురిలో ఆయన పరువు పోదూ? ముందు కబురు చేసి, ఆయన చెప్పినట్టు పంపాలని నా ఆలోచన.) “తమ పళ్ళు నా వద్ద ఉన్నవి” అని రాశాను. నేనే రాలగొట్టినట్టుంది! కొట్టేశాను. “తమ వస్తువొకటి” అన్నాను. ఏ వస్తువని పోస్టుమాను ఆరా తీస్తాడు. “తమ దంతపంక్తి మా పాఠశాలను అలంకరించుచున్నది” అనేసరికి నా భాషకు నేనే మురిసిపోయాను గానీ, మళ్ళీ చదివితే ఉద్యోగం ఊడేలా తోచింది. ఇలా ఆరు రోజులు.

నేను అద్దెకున్న ఇంటాయన్ని ఊరంతా మావ అనేది, నేనూ అంతే. “ఏటి మేస్టారూ, ఇంకా రాత్తన్నారా? పళ్ళు ఇక్కడుండిపోనాయి బాబూ అని రాసేత్తే సరిపోద్ది కదా!” అన్నాడు. “నీకు తెలీదు మావా, ఇది ఆఫీసు వ్యవహారం” అని పదకొండో చిత్తుకు కూర్చున్నాను. తలెత్తేసరికి మావా లేడు, పెట్టే లేదు. టెక్కలి బస్సెక్కేశాడు! ఇంక నా ఉద్యోగం గోవిందా అనుకున్నాను.

సాయంత్రం వచ్చి తాపీగా చెప్పాడు. గుమాస్తాలందరి ముందూ మూత తీసి, “బాబూ, ఈ పళ్ళు తమరియేనా?” అన్నాడట. ఆయన సుద్దపొడి దులిపి గబుక్కున నోట్లో పెట్టుకుని, “అడగడానికి మొహమాటపడి ఆరు రోజులుగా జావ తాగుతున్నానయ్యా! ఒక్క కార్డు ముక్క రాయలేకపోయాడా మీ మాస్టరు?” అని కేకలేశారట.

“రాత్తన్నారు బాబూ, ఇంకా అవ్వనేదు” అన్నాడట మావ.

ఆఫీసంతా ఘొల్లుమందట, చివరికి ఆయన కూడా. నెల తిరక్కుండా ఉద్యోగం ఖాయమైంది. ఉత్తర్వు అంచున ఆయన చేతిరాత: “క్లుప్తత అలవరచుకొనవలెను.”

ఇప్పుడు నావీ కట్టుడు పళ్ళే. మొన్న సోంపేటలో పెళ్ళి విందుకు వెళ్ళి అక్కడే మరిచిపోయి వచ్చాను. కబురింకా రాలేదు. నాకు కోపమూ రావడం లేదు. పాపం, ఎవరో రాస్తూ ఉండి ఉంటారు.