సర్కారు బాబాయ్ అభ్యంతరాలు

సర్కారు బాబాయ్‌కి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరేం చెప్పినా ప్రభుత్వం తరఫున అడ్డు తగులుతాడు. అలాగని ప్రభుత్వ మనిషి అనుకునేరు! ప్రభుత్వం మీద కేసు వేసిన బస్సు కార్మికుల సంఘానికి ఆయనే కార్యదర్శి.

పొద్దున్నే హోటల్లో ఎవరైనా "టీ చల్లారిపోయింది" అంటే చాలు, కళ్లజోడు పైకి తోసుకుని లేచేవాడు. "అభ్యంతరం! టీ చల్లారిందా, మీరే ఆలస్యంగా తాగారా? సాక్షి ఎవరు?" హోటలు యజమాని ఆయనకి టీ ఉచితంగానే పోసేవాడు, నోరు మెదపకూడదన్న షరతు మీద.

ఇక కేసు సంగతి. "మీ అంతట మీరే డ్యూటీ మానేశారు" అని ప్రభుత్వం డిపోలో సగం మందిని ఇంటికి పంపేసింది. నిజానికి వాళ్లు వచ్చేసరికి గేటుకి తాళం వేసి ఉంది. దాన్ని అందరికంటే ముందు చూసింది కండక్టరమ్మ. అంచేత ముఖ్యసాక్షి ఆవిడే. ఆవిడ గొంతెత్తితే బస్సు బస్సంతా వెనక్కి జరిగేది. కానీ నల్లకోటు కనపడితే మాత్రం సొంత పేరు కూడా గుర్తురాదు. కోర్టులో ఆవిడ నోరు పెగలకపోతే అందరి ఉద్యోగాలూ గంగలో కలిసినట్టే.

సంఘం ఆఫీసులో ఒకపక్క లాయరమ్మ అఫిడవిట్లకి పేజీ నంబర్లు వేస్తుంటే, ఇంకోపక్క బాబాయ్ తన భార్య నల్ల రెయిన్‌కోటు తొడుక్కుని కండక్టరమ్మని బోనెక్కించేవాడు. బోనంటే ఓ విరిగిన కుర్చీ వెనకవైపు.

"గేటుకి తాళం ఉందా? ఏ రంగు తాళం?"

"తాళానికి రంగేంటి బాబాయ్?"

"బాబాయ్ ఎవడు? నేను ప్రభుత్వాన్ని! నువ్వు ఇంట్లో పడుకుని కలగన్నావు. అవునా, కాదా?"

"అయ్యో, కాదండీ..."

"అబద్ధం!"

అంటూ బల్ల గుద్దేవాడు. అఫిడవిట్లు ఎగిరి గదంతా పడేవి. లాయరమ్మ వంగి ఏరుకుంటూ, "ఇంకొక్కసారి గుద్దారంటే నేనే ప్రభుత్వం వైపు వెళ్లిపోతాను" అనేది.

కండక్టరమ్మ మొదట్లో ఏడ్చింది. తర్వాత ఉడుక్కుంది. చివరికి ఒకరోజు కుర్చీని పక్కకి తన్ని, "తాళం ఈ చేత్తో పట్టుకుని లాగాను! రాలేదు! ఇంకేం కావాలి నీకు?" అని ఒక్క అరుపు అరిచింది. ప్రభుత్వం వెనక్కి వెనక్కి నడిచి గోడకి అతుక్కుపోయింది. అయినా ఆవిడ కసి తీరలేదు. ఇంటికెళ్లి, "ఆ ముసలాడిది గుండె కాదు, బండ" అని మొగుడితో చెప్పుకుంది.

వాయిదా రోజు రానే వచ్చింది. అసలు ప్రభుత్వ లాయరు లేచి, కోటు సర్దుకుని, "మీరు చెప్పేది అబద్ధం!" అని గద్దించాడు. కండక్టరమ్మకి నవ్వాగలేదు.

"అంతేనా సార్?" అంది.

తాళం సంగతి, లాగిన సంగతి, గేటు లోపలి నుంచి మేనేజరు "మీకిక్కడ పనిలేదు" అన్న సంగతి గడగడా చెప్పేసింది. జడ్జిగారు పొల్లుపోకుండా రాయించుకున్నారు. "మన కేసు నిలబడిందమ్మా!" అని లాయరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేసింది.

ఈ మాట చెబుదామని చూస్తే బాబాయ్ ఎక్కడా లేడు. వెతగ్గా వెతగ్గా మెట్ల కింద దొరికాడు. గోడవైపు తిరిగి, రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనే కాపలాగా ఆయన భార్య.

"నిన్ను ఇంకొకళ్లు కసురుతుంటే వినలేడట" అంది ఆవిడ. "నిన్ను గద్దించొచ్చిన రోజున అన్నం ముట్టేవాడు కాదమ్మా. 'పిల్లని ఏడిపించానే' అని మంచమెక్కేవాడు. పోనీ మానెయ్యమంటే, 'అక్కడ అందరిముందూ ఏడవడం కంటే నా దగ్గర ఏడవడం నయం కదే' అనేవాడు."

కండక్టరమ్మకి ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. దగ్గరికెళ్లి చెవుల్లోంచి వేళ్లు లాగేసింది.

బాబాయ్ ఉలిక్కిపడ్డాడు. "బాగా అరిచాడా తల్లీ?"

"ఎక్కడ బాబాయ్! నీ ముందు ప్రభుత్వం ఎందుకూ పనికిరాదు. లే, ముందు అన్నం తిందువుగాని."